పేరు చుట్టూ గీసిన సున్నా

సిరా ఆరిపోయి ఎనిమిదేళ్లయినా నేను ఒక పెన్నునే. ముదురు ఆకుపచ్చ ఒళ్లు, స్టీలు మూత, మూత మీద చిన్న సొట్ట. షాంఘైలో ఒక కార్ఖానాలో పుట్టాను. నాతోపాటు పుట్టినవాళ్లలో చాలామంది బడిపిల్లల జేబుల్లోకి వెళ్లి, నాలుగు లెక్కలు చేసి, పాళీ విరిగి పోయారు. వాళ్లను తలుచుకుంటే నాకిప్పటికీ కుళ్లుగానే ఉంటుంది.

నన్ను మొదట అందుకున్నది లువో సూఛిన్. కొండల మధ్య షీటాన్ అనే చిన్న ఊళ్లో పాటల నాటకాలాడే మేళం ఒకటి ఉండేది. అందులో రాణి వేషాలన్నీ ఆమెవే. 1981లో ప్రావిన్సు పోటీల్లో ఆమె గెలిస్తే బహుమతిగా నన్నిచ్చారు. చదువూ రాతా రాని మనిషికి పెన్ను ఇవ్వాలన్న ఆలోచన ఏ అధికారికి వచ్చిందో గానీ, ఆమె మాత్రం చిన్నబుచ్చుకోలేదు. రుమాల్లో చుట్టి తీసుకెళ్లి, మేళంలో పద్యాలు రాసే ఛూ వెన్‌హావ్ చేతిలో పెట్టింది. "షియావో ఛూ, నా నోట్లో ఉన్నదంతా దీనితో దింపు" అంది. పెద్దవాళ్లు చిన్నవాళ్లను చనువుగా పిలిచే పిలుపు అది. అప్పటికతనికి ఇరవై నాలుగేళ్లు.

మూడు శీతాకాలాలు ఇద్దరూ పాత రంగస్థలం మీద కూర్చున్నారు. రెండువందల ఏళ్ల నాటి చెక్క కట్టడం అది. పాట చివరి వరసదాకా వినబడాలని, చెక్కల కింద నేలలో ఖాళీ జాడీలు పాతిపెట్టారు ఆనాటివాళ్లు. ఆమె పాడేది, అతను రాసేవాడు. వేళ్లు కొంకర్లు పోతే నన్ను నోటి ఆవిరితో వెచ్చబెట్టేవాడు. నలభై ఒక్క నాటకాలు రాశాం. నా బతుకులో నేను చేసిన పనంటూ ఉంటే అదే.

ఆ రాతప్రతి చూసి అతన్ని జిల్లా సాంస్కృతిక కార్యాలయంలోకి తీసుకున్నారు. అక్కణ్నుంచి జిల్లా ఉపాధ్యక్షుడు, తర్వాత నగర ప్రచార శాఖ, చివరికి ప్రావిన్సు సాంస్కృతిక శాఖకు డైరెక్టరు. పదవి పెరిగేకొద్దీ నాకు పని తగ్గింది. మొదట్లో పేజీలు రాసేవాడు, తర్వాత పేరాలు, ఆ తర్వాత "అంగీకారం" అన్న ఒక్క మాట. ఆఖరికి అదీ పోయింది.

అక్కడి ఆఫీసుల్లో ఒక పద్ధతుంది. ఫైలు పైన అధికారుల పేర్లన్నీ వరసగా అచ్చయి ఉంటాయి. ఒప్పుకున్నవాడు తన పేరు చుట్టూ ఒక సున్నా గీస్తే చాలు. ఒప్పుకోనివాడు మాత్రం ఎందుకో రాయాలి. రాస్తే రేపెవరైనా అడుగుతారు. అందుకని అందరూ సున్నాలే గీసేవాళ్లు. కిందివాళ్లు గీశారు కదా అని పైవాళ్లు, పైవాళ్లు ఎలాగూ గీస్తారని కిందివాళ్లు. ఛూ వెన్‌హావ్ సున్నాలు ముచ్చటగా ఉండేవి. టీ తాగుతూ, ఫోన్లో మాట్లాడుతూ కూడా గీసేవాడు.

2004 వసంతంలో వచ్చిన ఒక ఫైలు పేరు "షీటాన్ సాంస్కృతిక చౌక్ నిర్మాణం". సంస్కృతి అని ఉంది, సొంత ఊరి పేరుంది. సంతోషంగా గీశాడు. చివర్న కుట్టిన కాగితం తిప్పి చూడలేదు. పడగొట్టాల్సిన కట్టడాల జాబితా అది. మూడో పేరు పాత రంగస్థలానిది.

పదిహేను రోజులకు లువో సూఛిన్ బస్సులు మారి ఆఫీసుకు వచ్చింది. మూడు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టాక లోపలికి పంపారు. ఆమె విషయం చెబుతుంటే అతను ఫైలు తెప్పించి, ఆ చివరి కాగితం మొదటిసారి చదివాడు. నేను అతని వేళ్ల మధ్యే ఉన్నాను.

"ఇందులో నీ పేరెక్కడుంది, షియావో ఛూ?" అని ఆమె అడిగింది.

అతను వేలు పెట్టి చూపించాడు.

"దాని చుట్టూ ఈ గీత ఏమిటి?"

"చూశానని, ఒప్పుకున్నానని గుర్తు గురువుగారూ. పదకొండుమందిమి గీశాం. నేనొక్కణ్నే కాదు."

"చూశావా మరి?"

జాబితాలో రంగస్థలం పేరు పక్కన "దీన్ని వదిలేయండి" అని రాస్తే సరిపోయేది, పనింకా మొదలుకాలేదు. నా కడుపు నిండా సిరా ఉంది. కానీ అలా రాస్తే చదవకుండా గీశానని ఒప్పుకున్నట్టే. పై పదవికి పంపే జాబితాలో ఆ నెలే అతని పేరు నలుగుతోంది. అతను నాకు మూత పెట్టి, కమిటీలో పరిశీలిస్తామన్నాడు.

లువో సూఛిన్ లేచి చొక్కా సర్దుకుంది. "మీ సమయం తీసుకున్నాను, డైరెక్టర్ గారూ" అంది. అతను తలెత్తలేదు.

ఆ జూన్‌లోనే పడగొట్టారు. నేలలోంచి పదిహేడు జాడీలు బయటపడితే కూలీలు ఊరగాయలకు పనికొస్తాయని పట్టుకెళ్లారు. మేళం చెదిరిపోయింది. ఛూ వెన్‌హావ్ ఆశపడ్డ పదవి ఇంకొకరికి వెళ్లింది. రిటైరయ్యేదాకా అదే కుర్చీలో కూర్చుని, జానపద కళల పరిరక్షణ మీద ఉపన్యాసాలిచ్చాడు. తర్వాత ఆ చౌక్‌లోనే మ్యూజియం కట్టి, ప్రారంభానికి అతన్ని పిలిచారు. నన్ను దానం చేస్తూ ఏడ్చాడు. ఆ కన్నీళ్లు నిజమైనవే, అదే నాకు మరీ కంపరం.

పోయిన నెల ఒక ఉదయం లువో సూఛిన్ వచ్చింది. ఎనభై దాటాయి, చేతికర్ర. నా అద్దాల పెట్టె ముందు చాలాసేపు నిలబడి, అక్కడ పనిచేసే అమ్మాయిని పెట్టె మీది చీటీ చదివి పెట్టమంది. ఆ పిల్ల గుక్క తిప్పుకోకుండా చదివింది: "ఈ కలంతో ఛూ వెన్‌హావ్ గారు షీటాన్ పాటల నాటకాన్ని అంతరించిపోకుండా కాపాడారు." ముసలామె చూపు నా మీదే ఉంది. అర్థం కాలేదేమోనని జాలిపడి, ఆ అమ్మాయి గోడ మీది మీట నొక్కింది. పాత రికార్డు మోగింది. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో లువో సూఛిన్ పాడిన రాణి పాట అది.

"మీరీ ఊరివారేనా బామ్మా? ఈ పాట ఎప్పుడైనా విన్నారా?"

"లేదమ్మా. ఈ ఊళ్లో ఇలాంటివి ఎవరూ పాడేవాళ్లు కాదు" అని, కర్ర తాటించుకుంటూ ఆమె వెళ్లిపోయింది. పాట అయిపోయేదాకా ఆ అమ్మాయి ఒక్కతే నిలబడి వింది.