కాగితం మీద వదిన

జాబ్రియాలోని ఆ ఇంట్లో మామా "వెంకటేశ్వరీ" అని మూడు కేకలు వేస్తే గానీ వంటింట్లో ఉన్న సుబ్బరత్నమ్మ తల తిప్పేది కాదు. కువైత్‌లో పనిమనుషులు ఇంటి యజమానురాలిని మామా అనే పిలుస్తారు. ఈ మామా మంచిదే. పిల్లకు ఒక చెవి మందమనుకొని, ఇరుగుపొరుగుకు కూడా అదే చెప్పి, నూనె కాచి ఇచ్చింది. సుబ్బరత్నమ్మ నోరెత్తకుండా వేసుకుంది. చెవి బాగానే ఉందని ఎట్లా చెబుతుంది? ఆ పేరు తనది కాదాయె.

చదివే తల్లులారా, ఆ సంగతి మొదటి నుంచి చెప్పాలి. రాజంపేట దగ్గరి పల్లెలో ఆమె తోడికోడలు వెంకటేశ్వరికి కువైత్ వీసా వచ్చింది. పాసుపోర్టు చేతికందిన నెలలోనే వెంకటేశ్వరి నెల తప్పింది. వచ్చిన వీసాను నేలపాలు చేసుకుంటామా అని ఇంటిల్లిపాదీ కూర్చొని మాట్లాడుకున్నారు. సుబ్బరత్నమ్మ పేరున కొత్త పాసుపోర్టు తీయిద్దామంటే, వయసు చాలదు, పైగా నెలలు పడుతుందన్నాడు ఏజెంటు. అతనే వెంకటేశ్వరి పాసుపోర్టులో ఫోటో తీసేసి సుబ్బరత్నమ్మది అంటించి పెట్టాడు. ఆ పల్లెల్లో అప్పట్లో దీన్ని తప్పని ఎవరూ అనుకునేవారు కాదు. అక్క చీర చెల్లెలు కట్టుకొని పెళ్ళికి పోయినట్టే అనుకున్నారు.

ఆమె పెనిమిటి చిన్నపుల్లయ్య అప్పటికే కువైత్‌లోనే షుఐబా అనే చోట కాంట్రాక్టు కూలి. అతనికి తన పేరున తన పాసుపోర్టే ఉంది. శుక్రవారం శుక్రవారం బస్సెక్కి జాబ్రియా వచ్చేవాడు. అయితే సుబ్బరత్నమ్మ పాసుపోర్టులో భర్త పేరు ఈశ్వరయ్య అని ఉంది. ఈశ్వరయ్య అంటే చిన్నపుల్లయ్యకు సొంత అన్న, వెంకటేశ్వరి మొగుడు. అందుకని మామాకు చిన్నపుల్లయ్యను మరిది అని చెప్పాల్సి వచ్చింది. మరిదిని ఇంట్లోకి రానిస్తుందా? ఆలుమగలు గేటుకు ఇవతలొకరూ అవతలొకరూ నిలబడి మాట్లాడుకోవడమే.

"ఏం వదినా, బాగుండావా?" అని నవ్వేవాడు చిన్నపుల్లయ్య.

"వదిన్ని కాబట్టి చెప్తాండా మరిదీ, ఆ చొక్కా ఇచ్చిపో, ఉతికిస్తా. వారం నుంచి అదే తొడుక్కున్నట్టుండావు."

అట్లా నవ్వుకుంటూనే రెండేళ్ళు గడిపారు. ఆ నవ్వు అడుగున ఏముందో ఇద్దరికీ తెలియదు.

పంతొమ్మిది వందల తొంభై ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైత్‌ను ఆక్రమించుకుంది. ఆగిన కారు ఆగినట్టే, మూసిన కొట్టు మూసినట్టే ఉండిపోయాయి. మామా కుటుంబం సౌదీకి పారిపోయింది. పోతూ పోతూ మామా బీరువాలోంచి పాసుపోర్టు తీసి సుబ్బరత్నమ్మ చేతిలో పెట్టి, నెత్తిమీద చెయ్యి వేసి, ఖలాస్, ఇక అయిపోయింది, అంది. షుఐబా నుంచి చిన్నపుల్లయ్య ఎట్లాగో నడిచి వచ్చాడు. పక్కింట్లో పనిచేసే రాయచోటి హమీదా బీని కూడా కలుపుకొని, ఇరాక్ మీదుగా పోయే బస్సులో జోర్డాన్ సరిహద్దుకు చేరారు.

అక్కడ ఇసుక, గుడారాలు, జనం. నీళ్ళ బండి వస్తే తొక్కులాట. చిన్నపుల్లయ్య దొరికిన నీళ్ళు పెండ్లానికి తాపించి, తాను ఎక్కడివో మురికినీళ్ళు తాగాడు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మనిషి గుడ్డపేలికలా అయిపోతే జబ్బు మనుషుల గుడారంలో పడుకోబెట్టారు.

మరునాడు అమ్మాన్‌కు లారీలు వచ్చాయి. అక్కణ్ణుంచి విమానంలో బొంబాయి. జబ్బు మనిషి దగ్గర భార్యో, తల్లో, బిడ్డో ఒకరు ఉండొచ్చు, మిగిలినవాళ్ళు ఎక్కాలన్నారు. సుబ్బరత్నమ్మ మంచం కోడు పట్టుకొని కదల్లేదు. మన ఎంబసీ అధికారి రెండు పాసుపోర్టులూ తెరిచి చూశాడు. ఇతని భార్య పేరు సుబ్బరత్నమ్మ అని ఉంది, ఈమె పేరు వెంకటేశ్వరి, భర్త ఈశ్వరయ్య అని ఉంది, ఈమె ఇతనికేమవుతుందని హిందీలో అడిగాడు.

హమీదా బీ ఆమె చెవిలో అంది: "చెప్పెయ్ సుబ్బా. నేనే పెండ్లాన్నని చెప్పెయ్. ఏమయితే అది అవుతాది."

సుబ్బరత్నమ్మ నోరు తెరిచింది. దొంగ పాసుపోర్టని తెలిస్తే జైల్లోనే ముసలిదానివైపోతావని ఏజెంటు అన్న మాట గుర్తొచ్చి మళ్ళీ మూసుకుంది. అధికారి మంచం వైపు తిరిగాడు.

చిన్నపుల్లయ్య పెండ్లాం ముఖంలోకి చాలాసేపు చూశాడు. తాను బతికినా చచ్చినా ఆమె మాత్రం ఇల్లు చేరాలనుకున్నాడేమో.

"మా వదిన," అన్నాడు. తర్వాత ఆమెతో, "పో వదినా. బండి పోతాది," అన్నాడు.

ఈసారి నవ్వలేదు.

ఆమెను రెక్క పట్టుకొని లారీ ఎక్కించారు. ఆమె ఇల్లు చేరిన కొన్నాళ్ళకు అతని మరణపత్రం వచ్చింది. ఆ ఇసుకలోనే పూడ్చారట. ఎక్కడో ఎవరూ చెప్పలేదు. చివరిసారి చూసిన బంధువు అన్నచోట వదిన వెంకటేశ్వరి అని రాసి ఉంది. ఆ మాట చదివించుకొని, కువైత్ ముఖమే ఎరగని వెంకటేశ్వరి గోడకు తల కొట్టుకొని ఏడ్చింది.

ఆనాటి లారీల్లో చోటు దొరక్క ఆగిపోయి, ఆలస్యంగా తిరిగొచ్చిన హమీదా బీ ఇంకొక మాట చెప్పింది. ఇట్లాంటి పాసుపోర్టుదే ఇంకొకామె అదే గుడారంలో ఏడుస్తూ నిజం చెప్పేసిందట. అధికారి కాసేపు కసిరి, ఆ మాట రాసుకొని, ఆమెను మొగుడి దగ్గరే ఉండనిచ్చాడట. విన్న నాటి నుంచి సుబ్బరత్నమ్మకు నిద్ర సరిగా లేదు.

ఏళ్ళు గడిచాయి. వీసా వచ్చిన నాడు వెంకటేశ్వరి కడుపులో పడ్డ బిడ్డ శివపార్వతి పెరిగి పెద్దదై కాపురానికి పోయింది. అత్తగారిదీ అదే పేరని, పిలవడానికి ఇబ్బందని, పెళ్ళినాడే కోడలి పేరు అమృతగా మార్చారు. రేషను కార్డులో అమృత, బడి కాగితంలో శివపార్వతి. ఇంతలో కువైత్ వీసా ఒకటి ఆడబిడ్డ పేరున వచ్చింది. ఆమె పోలేనంది. ఈ రెండు పేర్ల చిక్కెందుకు, ఆడబిడ్డ పాసుపోర్టు మీదే అమృతను పంపుదామన్నారు అత్తగారింట్లో.

ఆ మాట విని సుబ్బరత్నమ్మ వాళ్ళ గడపలో అడ్డంగా కూర్చుంది. ఎవరెంత అరిచినా లేవలేదు. మరునాడు పిల్లను వెంటబెట్టుకొని రాజంపేట వకీలు విజయభాస్కర్ దగ్గరికి పోయింది. ప్రమాణపత్రం రాయించి, పత్రికలో ప్రకటన వేయించి, గెజిట్‌లో అచ్చు వేయిస్తే అమృత చట్టప్రకారం అమృతే అవుతుందని, ఆ తర్వాత ఒక్కొక్క కాగితం దిద్దించుకోవచ్చని ఆయన చెప్పాడు. తన మొగుడి మరణపత్రం కూడా అట్లా దిద్దుతారా అని సుబ్బరత్నమ్మ అడిగింది.

"ఈ అమ్మాయిది పేరు మారడం, అమ్మా. నీ విషయంలో మనిషే మారింది. దానికి గెజిట్ పనికిరాదు. వేరే దావా వేయాలి, సాక్షులు కావాలి. అప్పుడు కూడా దిద్దుతారో లేదో నేను మాట ఇవ్వలేను," అన్నాడాయన.

ఈలోగా ఆ వీసా పోయింది. అమృత అత్తగారింట్లో సుబ్బరత్నమ్మను తిట్టని వాళ్ళు లేరు. అన్నీ విని ఆమె ఒక్కటే చెప్పింది.

"వీసా పోతే ఇంకోటి వస్తాది. పేరు మార్చుకోవాలంటే సర్కారు దారిలో నిలబడి మార్చుకోండి, ఎన్ని నెలలైనా కానీండి. ఇంకొకరి పేరు పెట్టుకొని మాత్రం గడప దాటొద్దు. నా మొగుడు పోయేటప్పుడు ఆయన పెండ్లాన్ని నేనేనని చెప్పుకోవడానికి నాకు నా పేరు లేకపోయింది."