ఆరో మజిలీ

మా తమ్ముడు సెవెరిన్ శవాన్ని మాకు అప్పజెప్పినప్పుడు పెట్టెకు మేకులు కొట్టి ఇచ్చారు. తెరవకూడదని కాగితం మీద నా చేత సంతకం పెట్టించుకున్నారు. ఇంటికి తెచ్చాక ఆస్ముండ్ ఉలితో ఆ మేకులు ఊడదీశాడు. ఆస్ముండ్ పడవలు చేసే వడ్రంగి, సెవెరిన్‌కు చిన్నప్పటి స్నేహితుడు. మూత ఎత్తి చూసి, నన్ను దగ్గరికి రావద్దన్నాడు. నేను వెళ్ళాను. కుడిచేతికి ఒక్క గోరూ లేదు. కింది దవడ ఒక పక్కకు జరిగిపోయి ఉంది. అమ్మ అంతకు ముందే పోయింది, నయం.

వాణ్ణి విచారించింది హార్టుంగ్ అనే అధికారి అని, జర్మన్ రహస్య పోలీసుల ఇంట్లో వాడి పక్క గదిలో ఉండి ప్రాణాలతో బయటపడ్డ ఒకాయన తర్వాత మాకు చెప్పాడు. తొమ్మిది రోజులు పట్టిందట. హార్టుంగ్ గొంతు ఎప్పుడూ పెంచేవాడు కాదట.

అప్పటికి నార్వేలో మా ఊరు బెర్గెన్ జర్మన్ల చేతికి చిక్కి మూడేళ్ళు కావస్తోంది. రేవు పక్కన యోర్గెన్ గారి అచ్చాఫీసులో అక్షరాలు కూర్చడం నా పని. ఆదివారాలు పొద్దుపోక వాళ్ళ సైనికులు తాగి ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుంటుంటే, పైవాళ్ళకు ఒక ఆలోచన వచ్చింది. గైడు అవసరం లేకుండా ఎవరికి వారే ఊళ్ళో పాత కట్టడాలన్నీ నడిచి చూసి వచ్చేలా ఒక మడత కాగితం వేయించాలని. మా నాన్న చర్చి గంటలు మోగించే మనిషి కావడంతో ఊళ్ళో ప్రతి పాత రాయీ నాకు తెలుసు. జర్మన్ భాష బడిలో నేర్చుకున్నాను. అందుకని యోర్గెన్ గారు ఆ రాతపని కూడా నా నెత్తినే పెట్టారు.

ఎనిమిది మజిలీలు. ప్రతిదానికీ ఒక నంబరు, అక్కణ్ణించి ఎటు తిరగాలో రెండు వాక్యాలు. చేపల మార్కెట్టు దగ్గర మొదలుపెట్టి, రేవు వెంట వర్తకుల చెక్క ఇళ్ళు, జంట గోపురాల మేరీ చర్చి, రాజుగారి రాతి మందిరం, దాని పక్క బురుజు, ఆఖర్న గోడలో ఫిరంగి గుండు ఇరుక్కుని ఉన్న పెద్ద చర్చి. 'నిదానంగా, తలెత్తి చూస్తూ నడవండి' అని కూడా రాశాను. సెవెరిన్ అప్పటికింకా బతికే ఉన్నాడు. ఆ కాగితం చదివి, వాళ్ళకు మన ఊరు నువ్వే తిప్పి చూపిస్తున్నావన్నమాట అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

వాడు పోయిన ఏడు నెలలకు, సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం, బూడిదరంగు వానకోటు వేసుకున్న ఒకాయన అచ్చాఫీసులోకి వచ్చి, ఈ కాగితం ఎవరు రాశారని అడిగాడు. యోర్గెన్ గారు నన్ను చూపించారు. ఆయన టోపీ తీసి, తన పేరు హార్టుంగ్ అని చెప్పుకున్నాడు.

నా చేతిలో ఉన్న అక్షరాల వరస బల్ల మీద పెట్టాను. 

యుద్ధానికి ముందు తాను బళ్ళో చరిత్ర చెప్పేవాణ్ణనీ, ప్రతి ఆదివారం ఈ కాగితం పట్టుకుని నడుస్తాననీ, అందులో నాలుగు తప్పులు కనిపెట్టాననీ చెప్పాడు. పెన్సిలుతో వాటిని శ్రద్ధగా గుర్తుపెట్టి తెచ్చాడు. కాగితం నా ముందు పరిచినప్పుడు ఆయన చేతులు చూశాను. కుడిచేతి కణుపుల మీద చర్మం లేచిపోయి, చెక్కు కట్టి ఉంది. అది ఎవరి పళ్ళకు తగిలిన దెబ్బో.

"తిరిగి అచ్చు వేసేముందు ప్రూఫు నాకు పంపండి. అక్షరాలు దిద్దితే చాలదు, దారి కూడా దిద్దాలి. ఆదివారం నేనే నడిచి చూస్తాను," అన్నాడు.

"మీతో ఎవరైనా వస్తారా? రెండు ప్రతులు తీయనా?" అని అడిగాను. 

"ఒకటి చాలు. ఇలాంటివి చూసేటప్పుడు పక్కన మనిషి ఉంటే నాకు పడదు."

ఆ సాయంత్రమే ఆస్ముండ్ పడవల షెడ్డుకు వెళ్ళాను. నేను చెప్పేదంతా విని, అతను రంపం పక్కన పెట్టాడు.

"ఏమే, మతుండే మాట్లాడుతున్నావా? వాణ్ణి ఎక్కడికని తీసుకెళ్తావు?"

"నేను తీసుకెళ్ళేదేముంది. కాగితమే తీసుకొస్తుంది. ఎక్కడ తిరగమంటే అక్కడ తిరుగుతాడు."

మేరీ చర్చి వెనక కొండ మీదికి ఎక్కే సందుల్లో ఒకటి మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకు. పై చివర మూసుకుపోయి ఉంటుంది. అక్కడ ఒక ఇంటివాళ్ళు పల్లెకు వెళ్ళిపోతూ మరమ్మతు కోసం తాళంచెవి ఆస్ముండ్‌కు ఇచ్చారు. ఆ ఇంటి పాత ద్వారబంధం పైకమ్మి మీద అతను మూడు రాత్రులు శ్రమపడి ఒక చేప బొమ్మ, ఒక కిరీటం, నాలుగు వందల ఏళ్ళ కిందటి సంవత్సరం చెక్కాడు. కొత్త కోత తెలియకుండా మసి, చేపనూనె కలిపి రుద్దాడు. నేను ప్రూఫులో బురుజు తర్వాత ఆరో మజిలీ కొత్తగా చేర్చాను: 'ఈ ద్వారబంధం ఊళ్ళో చాలామందికి తెలియదు. వెలుతురు తక్కువ. దగ్గరగా నిలబడి చూడండి.'

తుపాకి పేలితే ఊరంతా వినబడుతుందని ఆస్ముండ్ పడవ చీలికల్లో నార దట్టించే కొయ్యసుత్తి తెచ్చుకున్నాడు. నన్ను ఇంట్లో ఉండమన్నాడు. నేను వినలేదు. తలుపు వెనక నడవలో నిలబడి, తలుపు చీలికలోంచి చూస్తూ ఉన్నాను. ఎదురింటి పీపాల వెనక ఆస్ముండ్.

ఆదివారం పదకొండు గంటలు. జనం చాలామంది చర్చిలో ఉన్నారు. వాన పడుతోంది. మా ఊళ్ళో ఎప్పుడు పడదు గనక.

హార్టుంగ్ నెమ్మదిగా మెట్లెక్కి వచ్చాడు. ప్రూఫు తడవకుండా కోటు అంచు కింద పట్టుకుని చదువుకుంటున్నాడు. నా తలుపు ముందు ఆగి, తలెత్తి చెక్కడం చూశాడు. ముఖమంతా విప్పారింది. చేతి తొడుగు తీసి కిరీటం మీద వేలు పెట్టి నిమిరాడు. వేలు వెనక్కి తీసుకుని చూసుకున్నాడు. వేలికి నల్లగా మసి అంటింది.

చెక్కడం కొత్తదని అతనికి అర్థమైపోయింది. గిరుక్కున తిరిగాడు. అందుకే ఆస్ముండ్ సుత్తి తలకు తగలకుండా ఎడమ భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు తలుపు వెనక నాకు వినిపించింది. అతను అరవలేదు. గోడకు ఒరిగి, కుడిచేత్తో పిస్తోలు లాగి కాల్చాడు. ఆ ఇరుకులో ఆ చప్పుడుకు నా చెవులు మూసుకుపోయాయి. గుండు ఆస్ముండ్ తొడలోంచి దూసుకుపోయింది. అయినా అతను మీద పడి చెయ్యి మెలితిప్పాడు. పిస్తోలు మెట్ల మీద దొర్లుకుంటూ కిందికి పోయింది. ఇద్దరూ బురదలో పడ్డారు. హార్టుంగ్ ఆస్ముండ్ చెవి కొరికి, తల విదిల్చి, తెగిన ముక్క ఉమ్మేశాడు. మీదికెక్కి, ఉన్న ఒక్క చెయ్యి గొంతు మీద పెట్టి బరువంతా దాని మీద వేశాడు. ఆస్ముండ్ మడమలు రాళ్ళను తన్నుతున్నాయి, ఆ తన్నడం తగ్గిపోతూ ఉంది.

నేను తలుపు తీసుకుని బయటికి వచ్చాను.

హార్టుంగ్ తలెత్తి నన్ను చూసి గుర్తుపట్టాడు. ఆ దొంగ చెక్కడం నన్నూ మోసం చేసిందనీ, నేనూ దాన్ని చూడ్డానికే వచ్చాననీ అనుకున్నట్టున్నాడు. చిరునవ్వు లాంటిది కూడా నవ్వాడు. మూతి నిండా ఆస్ముండ్ నెత్తురు.

"దేవుడు పంపినట్టు వచ్చారమ్మా. పరుగెత్తి మా వాళ్ళను పిలవండి," అన్నాడు.

సుత్తి నా కాళ్ళ దగ్గరే పడి ఉంది. తీసుకున్నాను. మొదటి దెబ్బ గొంతు మీది ఆ చేతి మీదే వేశాను. కణుపులు పగిలిపోయాయి. ఆ చెయ్యి ఎత్తి చూసుకుని, నా వంక చూశాడు. అప్పుడు తెలిసింది అతనికి. ఏదో అడగబోయాడు. రెండో దెబ్బ నోటి మీద వేశాను. మూడోది ఎక్కడో గుర్తులేదు. పక్కకు ఒరిగి, మోచేతుల మీద పాకుతూ మెట్ల వైపు పోయాడు. నేను వెంట నడుస్తూ కొట్టాను. నిజం చెప్పాలి, నా చేతులు అలిసిపోలేదు. ఒళ్ళంతా తేలిగ్గా అయింది. సెవెరిన్ నాకు గుర్తుకు రాలేదు. ఏదీ గుర్తుకు రాలేదు. నాలుగు మెట్లు అలా పాకాడు. ఆపైన పాకలేదు. కాని ఊపిరి మాత్రం గుర్రుగుర్రుమంటూ చాలాసేపు ఆడింది. దాన్ని ఆపడానికే ఇంకా కొట్టాను.

"తూరిడ్. పోయాడు, ఆపు," అని ఆస్ముండ్ వెనకనుంచి నా గౌను పట్టుకుని లాగాడు.

తుపాకి చప్పుడు విని ఎవరైనా వస్తారని ఇద్దరం బిగుసుకుపోయాం. ఒక్క కిటికీ తెరుచుకోలేదు. ఒక్క తలుపు కదల్లేదు. శవాన్ని ఇంట్లోకి ఈడ్చి నేలమాళిగలో పీపాల కింద దోపాం. ఆస్ముండ్ తొడకు నా ఉన్ని శాలువా బిగించి కట్టాను. నెత్తురు వాన కడిగేసింది. ప్రూఫు తీసుకుని అచ్చాఫీసుకు పోయి, బల్ల మీద బిగించి ఉన్న కొత్త పేజీ విప్పి, అక్షరాలన్నీ గళ్ళలో సర్దేసి, పాత దారే మళ్ళీ కూర్చాను. సీసపు అక్షరాలు కడిగే క్షారంతో చేతులు రుద్దుకుంటే మూడు రోజులు మండాయి.

మంగళవారం ఆస్ముండ్‌ను చేపల పడవలో బ్రిటిష్ వాళ్ళ షెట్లాండ్ దీవులకు దాటించారు. నన్నూ రమ్మన్నాడు. నేను కనిపించకుండా పోతే యోర్గెన్ గారి మీద పడతారని రానన్నాను. ఎలాగూ పడ్డారు. బుధవారం కుక్కలు శవాన్ని పట్టుకున్నాయి. హార్టుంగ్ మా కాగితం పట్టుకుని నడకకు బయల్దేరాడని తెలిసి అచ్చాఫీసుకు వచ్చారు. అక్షరాల పెట్టె సొరుగులో యోర్గెన్ గారి వేళ్ళు పెట్టించి, సొరుగు మూసి, అడిగారు. రెండు వేళ్ళు విరిగాయి. ఆయనకు ఏమీ తెలియదు. బల్ల మీద పాత పేజీయే ఉంది. వదిలేశారు. ఆయన నన్ను ఏమీ అడగలేదు. ఆ చేతికి నేనే కట్టు కట్టాను.

తర్వాత ఆ సందులో ఉన్న మగవాళ్ళను ఐదుగురిని పట్టుకుపోయారు. చేసినవాళ్ళు లొంగిపోకపోతే శుక్రవారం పొద్దున కాల్చేస్తామని ఊరంతా కాగితాలు అంటించారు.

గురువారం మధ్యాహ్నం ఆ రహస్య పోలీసుల ఇంటి ముందుకు వెళ్ళాను. తలుపుకు పదడుగుల దూరంలో నిలబడ్డాను. లోపలినుంచి ఒక కేక వినిపించింది, మధ్యలో తెగిపోయింది. నా గోళ్ళ వంక చూసుకున్నాను. ఎంతసేపు నిలబడ్డానో. కాపలావాడు ఏం కావాలని అడిగాడు. ఏమీ లేదని చెప్పి వెనక్కి తిరిగాను. శుక్రవారం ఐదుగురినీ కాల్చేశారు.

యుద్ధం అయిపోయిన వేసవిలో ఆ ఐదు ఇళ్ళకూ వెళ్ళాను. చెప్పాలనుకున్నాను, అంతే. మొదటి ఇంట్లో తలుపు మూసేశారు. రెండో ఇంట్లో చనిపోయినాయన తల్లి నా మాట పూర్తిగా విని, చెంప మీద కొట్టి, తానే కింద కూలబడింది. మూడో ఇంట్లోవాళ్ళు ఊరొదిలి పోయారు. నాలుగో ఇంట్లో కొడుకు, నాకంటే పెద్దవాడు, మీరు మాకు కనిపించొద్దని మర్యాదగానే చెప్పాడు.

ఐదో ఇల్లు డోర్తేయా గారిది. ఆమె భర్త మోన్స్ పీపాలు చేసేవాడు. సందులో ఆ ఖాళీ ఇంటికి సరిగ్గా ఎదురిల్లు. ఆమె నన్ను లోపలికి పిలిచి కూర్చోమంది. నేను పేరు చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది.

"నువ్వెవరో తెలుసమ్మాయ్. ఆ రోజు కిటికీ తెర వెనక మేమిద్దరం ఉన్నాం. ఆయనకు జలుబు చేసి చర్చికి వెళ్ళలేదు."

నేను ఆ కిటికీ వంక తిరిగి చూశాను.

"అంతా చూశాం. నువ్వు కొట్టడం చూశాం. నాకు కళ్ళు తిరిగాయి. ఆయన మాత్రం చివరిదాకా చూశాడు. ఈ పిల్లను ఎక్కడో చూశాను, గంటలు మోగించే ఆయన కూతురు కాదూ, అన్నాడు."

"మరి వాళ్ళు అడిగినప్పుడు..."

"అడిగారట. వారం తర్వాత శవాన్ని ఇచ్చారు. మేకులు కొట్టే ఇచ్చారు." ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "నీ పేరు ఆయన నోటి వెంట వచ్చి ఉంటే నువ్విక్కడ కూర్చునేదానివి కాదు. ఆ పెట్టె నేను తెరవలేదు. తెరిచి చూడాల్సిందని ఇప్పుడు అనిపిస్తుంది. ఆయన ఎంత భరించాడో తెలిసేది."

నన్ను క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. ఆమె ఆ మాట రానివ్వలేదు. క్షమించడానికి తన దగ్గర ఏమీ లేదనీ, ఆ మాట అడిగితే లేచి వెళ్ళిపొమ్మంటాననీ అంది. తాను ఒంటరిదాన్ననీ, ఆదివారాలు ఎటూ తోచదనీ, వస్తే రమ్మనీ చెప్పింది.

పదకొండేళ్ళు వెళ్ళాను, ఆమె పోయేదాకా. ఒక్కో ఆదివారం ఇద్దరం పూర్తిగా మాట్లాడకుండానే కూర్చునేవాళ్ళం. ఒకసారి మాత్రం, ఎందుకో, మోన్స్ గురించి చెబుతూ చెబుతూ ఆగి, లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని గట్టిగా, నొప్పి పుట్టేంత గట్టిగా నలిపి, వదిలేసి, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.