విత్తనాల లారీకి అడ్డుగడ

"షట్‌డౌనమ్మా, షట్‌డౌన్!" అని రేషన్ డిపో మెట్ల మీద నిలబడి షావుకారు దుర్గాప్రసాద్ కేకేస్తే, ముసలి చిన్నమ్మి చెవిలో అది "సంత డౌన్" అని పడింది. ఆమె వెనక్కి తిరిగి చెప్పడం, అది వరస పొడుగునా పాకడం ఒక్క నిమిషంలో జరిగిపోయాయి. సంతకని చింతపండు గంపలెత్తుకొచ్చిన వాళ్ళు గంపలు దింపేశారు. ఒకావిడ చంకలో కోడిని వదిలేసి గుండెలు బాదుకుంది. ఆ వార్తకి సంతోషించింది కోడి ఒక్కటే. తుప్పల్లోకి పోయింది.

అంగన్‌వాడీ రాజకుమారి వచ్చి అందరికీ విడమరిచి చెప్పింది. "సంత కాదర్రా, సర్కారు! ఖజానా ఆపేసినారంట. జీతాల్లేవు, పింఛన్లేవు, ఉపాధి కూలి లేదు. కాఫీ గింజలు కొనే డిపో కూడా మూసేసినారు."

"ఓస్, సర్కారేనా! ఇంకేటో అనుకున్నాను," అంది చిన్నమ్మి.

నవ్వారు. ఆ నవ్వు వేలిముద్రల మిషను దాకా వచ్చి ఆగిపోయింది. వరస ముందున్న కనక అనే ఆవిడ బొటనవేలు పెట్టింది. మిషను పచ్చగా వెలిగింది. వేలిముద్ర పడింది గానీ సంచిలో గింజ పడలేదు. "స్టాకు లేదు, మళ్ళీ రండి" అన్నాడు డీలరు. ఆధార్ ఉంది, ఆధారమే లేదు.

అరకు లోయకి ఎగువనున్న కొర్రగుడ నుంచి అయిదు మైళ్ళు నడిచొచ్చిన మనిషి. నీళ్ళు తాగుదామని డిపో వెనక కుళాయి దగ్గరకెళ్ళింది. అక్కడ ఇద్దరు కూలీలు వెనక గుమ్మంలోంచి బస్తాలు తీసి దుర్గాప్రసాద్ కొట్లోకి మోస్తున్నారు. బస్తాల మీద సర్కారు ముద్ర. సర్కారు ముందు తలుపే మూసింది. వెనక తలుపు బార్లా తెరిచే ఉంది.

కనక ముందుకొచ్చేసరికి దుర్గాప్రసాద్ ఉపన్యాసం ఊపులో ఉంది. పేరులో ప్రసాదం ఉంది గానీ ఆయన చేతిలోంచి ఏనాడూ ఎవరి దోసిట్లోనూ అది రాలింది లేదు.

"గడ్డురోజులమ్మా! టీవీలో పెద్దపెద్దవాళ్ళు చెబుతున్నారు. ప్రతి ఇంట్లోనూ మూణ్ణెల్ల తిండి, మూణ్ణెల్ల ఖర్చు దాచుకోవాలట. ముందుచూపు ఉండాలి."

"బాబూ, మూణ్ణెల్లకి దాచుకోడానికి ముందు మూడు దినాలకి దొరకాలి గదా," అంది కనక.

"అందుకే నేనున్నాను. విత్తనాలు తెచ్చి నా కొట్లో పెట్టండి. కుంచానికి కుంచం బియ్యం ఇస్తాను. ఖజానా తెరవగానే బియ్యం తిరిగిచ్చి మీ విత్తనం మీరు పట్టుకుపోండి. ఇంత ధర్మం ఎవడు చేస్తాడు?"

కొండవాళ్ళ మీద ఆయనకి కొండంత దయ. కొండ కింద ఏముందో ఎవరూ అడగలేదు.

* * *

కనక ఇంట్లో కోడలు సుమ పచ్చి బాలింత. కొడుకు పని వెతుక్కుంటూ కిందికి దిగి నెలయింది, కబురు లేదు. సుమకి పాలు పడటం లేదు. తిండి ఉంటే గదా పాలుండటానికి! చంటిది ఏడవడం కూడా తగ్గించింది. ఏడుపు వినిపించినప్పటి కంటే వినిపించనప్పుడు కనకకి ఎక్కువ భయమేసింది.

అటక మీద ఎండబెట్టిన ఆనపబుర్ర ఉంది. లోపల బూడిద కలిపిన సామ విత్తనాలు. అత్త ఇచ్చినవి, అత్తకి వాళ్ళత్త ఇచ్చినవి. చైత్రంలో వచ్చే ఇటుకల పండగ నాడు ఇంటింటి విత్తనమూ తెచ్చి దేవత ముందు కలిపి, పూజారి పంచిపెడితేగాని కొర్రగుడలో ఎవరూ పొలంలో చల్లరు. ఆ బుర్రని దించినట్టే దించి మళ్ళీ అటక మీద పెట్టేసింది. చంటిదాని వైపు చూసి మళ్ళీ దించింది.

ఎవరైనా చూస్తారని సిగ్గుపడి, పెద్దదారి మాని గెడ్డవాగు పక్క దారిన పోయింది. అక్కడ చిన్నమ్మి ఎదురైంది, కొంగు కింద ఏదో గుండ్రంగా.

"ఏటత్తా, ఎటు?"

"చెంబట్టుకెళ్తన్నానే. నువ్వేటి?"

"నానూ అంతే."

ఇంకాస్త దూరంలో ఇంకో నలుగురు, అందరి కొంగుల కిందా అంతంత చెంబులు. ఊరంతటికీ ఒకే పూట కడుపు చెడింది. తిన్నది లేదు, చెడటానికి మాత్రం ఎలా వచ్చిందో! ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా షావుకారి కొట్టు దాకా నడిచారు. బుర్రలిచ్చి, కాగితం మీద వేలిముద్రలేసి తెచ్చుకున్న బియ్యం పది రోజులు వచ్చాయి.

* * *

పండగ ముందురోజు ఉదయం రాజకుమారి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"కొట్లో లారీ పెట్టినాడే! మనయీ, చుట్టుపక్కల ఊళ్ళోళ్ళయీ గింజలన్నీ ఎత్తేత్తన్నాడు. పట్నంలో సుగరున్నోళ్ళంతా సామలు, కొర్రలు తింటన్నారంట, మంచి ధర పలుకుతోందంట. మొదటి ట్రిప్పు మన ఊరిదే. రేపు పట్టుకుపోతాడు."

పావుగంటలో ఊరు సావిడి దగ్గర మూగింది.

"కొట్టు తగలెట్టేద్దాం!" అన్నాడు ఒకడు.

"తగలెడితే కాలేది మన గింజలేరా, వెర్రోడా!"

"కలెక్టరుగారికి కాయితం పెడదాం," అన్నాడు ఇంకొకడు.

"కాయితం తీసుకునే గుమస్తా సమ్మెలో ఉన్నాడు. జీతం రాలేదంట."

"మనం తెచ్చిన బియ్యం తిరిగిచ్చేద్దాం."

పది రోజుల బియ్యం ఎప్పుడో అయిపోయాయి. ఎవరింట్లో ఉన్నాయని?

కనక లేచింది. మీటింగుల్లో ఎప్పుడూ నోరు విప్పని మనిషి. "నాను సెప్తాను. డిపో ఎనక గుమ్మంలోంచి సర్కారు బస్తాలు ఆడి కొట్లోకి పోడం నా కళ్ళతో సూసినాను. మన బియ్యమే మనకిచ్చి మన యిత్తనం తీసుకున్నాడు. సూసి కూడా ఊరుకున్నాను. ఆకలి నోరు మూయించింది. నా యిత్తనాల బుర్ర నానే దొంగసాటుగా పట్టుకెళ్ళి ఇచ్చినాను."

"నానూ అంతే," అంది చిన్నమ్మి. "చెంబని అబద్ధమాడినాను."

ఒకరి తర్వాత ఒకరు ఒప్పుకున్నారు. ఎవరికి వాళ్ళు దాచుకున్న సిగ్గు బయటపడేసరికి అది సిగ్గులా లేదు, కోపంలా ఉంది.

రాజకుమారి గొంతు పెంచింది. "గడ్డుకాలానికి సిద్ధపడమన్నాడు గదా ఆడు, ఇంటింటికీ దాచుకోమన్నాడు. ఎవులింట్లో ఆళ్ళు దాసుకుంటే మనకి రెండు దినాలు. ఇంటికొకరు బేగి ఎళ్ళి ఉన్నది తెండి. మామిడి టెంకలు, దుంపలు, చింతపండు, ఏటుంటే అది. అంగన్‌వాడీ కుండ ఖాళీగా ఉంది. ఒకే కుండలో వండుకుందాం. ముందు బాలింతలకి, పిల్లలకి, ఆ తరవాతే మనకి. ఇకనించి కుండ దగ్గర అందరం అనుకోకుండా ఒక్క గింజ కూడా ఊరు దాటకూడదు."

"మరి దాటిపోతన్న గింజల సంగతో?"

"రేపు పండగ," అంది కనక. "మగోళ్ళు వేటకి పోతారు. దారి ఎవులిది?"

అందరికీ తెలుసు. ఇటుకల పండగ రోజుల్లో రోడ్డు ఆడవాళ్ళది. వెదురుగడ అడ్డం పెట్టి, పాడుతూ ఆడుతూ, వచ్చిన బండినల్లా ఆపుతారు. బండివాడు పండగ డబ్బులు ఇవ్వాలి. ఇచ్చి, వీళ్ళు తీసుకుంటే, గడ ఎత్తాలి. తీసుకోకపోతే ఎత్తక్కర్లేదు. తీసుకోకపోవడం అనేది మాత్రం ఇంతవరకూ ఎప్పుడూ జరగలేదు.

* * *

మర్నాడు ఎండ ముదిరే వేళకి, పట్నం పోయే దారిలో కొర్రగుడ మలుపులో లారీ ఆగింది. ముందు గడ, గడ వెనక నలభైమంది ఆడవాళ్ళు. డ్రైవరు నరేష్ అలవాటుగా ఇరవై రూపాయలు చాపాడు. ఎవరూ చెయ్యి చాపలేదు. వంద చాపాడు. అయిదొందలు కింద పడేశాడు. నోటు గాలికి దొర్లుతూ కనక కాళ్ళ దగ్గర ఆగింది.

అయిదొందలు! పాలడబ్బా కొనొచ్చు. చెట్టు కింద సుమ చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకుని ఇటే చూస్తోంది. కనక కాలి బొటనవేలు నోటుకి జానెడు దూరంలో ఉంది. వంగితే చాలు. వంగితే గడ లేవాలి, గడ లేస్తే గింజ పోతుంది, గింజ పోతే ఈ ఏడూ లేదు, వచ్చే ఏడూ లేదు. ఆమె నిటారుగానే నిలబడింది. నోటు ఇంకో గాలికి లోయలోకి పోయింది.

"ఓలమ్మ, అయిదొందలు!" అని ఎవరో మూలిగారు. అయినా ఎవరూ కదల్లేదు.

దుర్గాప్రసాద్ మోటారుసైకిలు మీద వచ్చాడు. "ఏమిటమ్మా ఈ అల్లరి? ఎంత కావాలో చెప్పండి. పదివేలు ఇస్తాను, పండగ చేసుకోండి!"

"మా గింజలు కావాల," అంది కనక.

"గడువు దాటింది. అవి నావి."

"ఖజానా తెరిసేదాకా అన్నావు. తెరిసినారా?"

"తెరిచినా మూసినా నా దగ్గర కాగితం ఉంది, మీ వేలిముద్రలున్నాయి!"

"మిషను మీదా ఏసినాం వేలిముద్ర," అంది చిన్నమ్మి. "ఆ బియ్యం నీ కొట్లోకొచ్చినాయి గదా బాబూ. మా వేలు పెట్టిన సోటల్లా నీ సెయ్యే పడతాదేటి?"

వేట నుంచి ఉత్త చేతులతో వచ్చే మగాళ్ళ మీద పొయ్యడానికి పేడనీళ్ళు కలిపి ఉంచడం ఆ పండగ సరదా. షావుకారు ఉత్త చేతులతోనే వచ్చాడు. చిన్నమ్మి కుండ ఎత్తి ఆయన తెల్లచొక్కాని పచ్చచొక్కా చేసింది. ఆయన కళ్ళు తుడుచుకునే లోపల ఆడవాళ్ళు లారీ ఎక్కేశారు. ఏ బుర్ర మెడకి ఎవరి ముడి ఉందో చూసుకుని, ఎవరిది వాళ్ళు దించుకున్నారు. నరేష్ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కొండకేసి చూస్తూ కూర్చున్నాడు. "నాకేం కనపడటం లేదు, అద్దం మసగ్గా ఉంది," అన్నాడు ఎవరూ అడక్కుండానే.

షావుకారు ఫోను చేస్తే, కొట్టు వైపు గస్తీ తిరుగుతున్న పోలీసు జీపు వచ్చేసరికి బుర్రలు నెత్తిమీద పెట్టుకున్న వరస కొండదారిన సగం ఎక్కింది.

"దోపిడీ!" అని అరిచాడు షావుకారు.

"అవును బాబూ, దోపిడీయే," అంది కనక. "ఇన్నాళ్ళకి నీ నోటంట నిజమొచ్చింది."

ఎస్సై లాఠీ ఊపాడు. "గింజలు వెనక్కి తెప్పిస్తావా, నిన్ను ఎక్కించమంటావా?"

కనక కానిస్టేబుల్ వైపు చూసింది. "నీకూ జీతం రాలేదంట గదా తమ్ముడూ. ఇంట్లో ఏటి తింటన్నారు?" అతను తల దించుకున్నాడు.

ఆమే నడిచి వెళ్ళి జీపెక్కింది. సుమ పరిగెత్తుకొచ్చి గడ పట్టుకుంది. "అత్తా! నేను ఎత్తను. నిన్నట్టుకెళ్ళనివ్వను!"

"ఎత్తెయ్ గుంటా," అంది కనక. "ఈళ్ళు ఇక్కడుంటే కొండదారి ఎక్కుతారు. ఈళ్ళని పోనీ. గింజలు ఇంటికి సేరనీ. కుండ దగ్గర నీ వంతు తాగు, నా వంతు కూడా తాగు. సంటిదానికి పాలియ్యి."

సుమ ఏడుస్తూ గడ ఎత్తింది. జీపు దాటింది.

గడ అవతల స్టేషను దాకా పన్నెండు మైళ్ళు. పండగ రోజుల్లో ఆ దారిలో ఎన్ని ఊళ్ళు గడలు కడతాయో కొత్తగా వచ్చిన ఎస్సైకి తెలియదు. కనకకి తెలుసు. రెండో మలుపులోనే డప్పులు, పాట, అడ్డంగా వెదురుగడ. ఎస్సై విసుక్కుంటూ జేబులోంచి పది నోటు తీశాడు.

కనక జీపులోంచి తల బయట పెట్టి గొంతు చించుకుంది. "ఓలమ్మా! మా కొర్రగుడ గింజలు మేం దింపుకున్నామర్రా! మీ గింజలు ఇంకా ఆడి కొట్లోనే ఉన్నాయి! రెండో ట్రిప్పు మీదే!"

డప్పు ఆగింది. ఎస్సై చేతిలో పది రూపాయలు అలాగే ఉన్నాయి. ఆడవాళ్ళు ఆ నోటు కేసి చూడలేదు. ఒకరి నడుం చుట్టూ ఒకరు చేతులేసుకుని, థింసా ఆటకి కట్టినట్టే వరస కట్టి, జీపుకి అటూ ఇటూ చీలి, షావుకారి కొట్టు వైపు నడిచారు. గడ ఎత్తే మనిషి లేక, జీపు అక్కడే ఉండిపోయింది.