వత్తులైపోయిన కొండపత్తి

"పత్తి మీదున్న శ్రద్ధ పతి మీదుంటే ఎంత బాగుండును!" ఇది మా ఆయన పెళ్ళైన కొత్తలో వేసిన జోకు. ఇప్పటికీ చుట్టాలొస్తే అదే వడ్డిస్తారు. కాఫీ మాత్రం నేను వడ్డిస్తాను. ఆయన పేరు త్యాగరాజు. త్యాగాలు నావి, రాజు ఆయన.

శ్రీకాకుళం దగ్గర పరిశోధనా కేంద్రంలో పొందూరు కొండపత్తి మీద పని చేస్తాను. ఎండదెబ్బ తిన్న మొక్కలో కొన్ని జన్యువుల నోరు మూతపడుతుంది. జన్యువు ఎక్కడికీ పోదు. అక్కడే ఉంటుంది, మాట్లాడదంతే. ఆ మౌనం గింజలోంచి కూతురికీ మనవరాలికీ దిగుతుందా అన్నదే నా ప్రశ్న. దానికి మొక్కలెందుకు, మా ఇల్లు చాలదా అంటారేమో! ఇంటి మీద పరిశోధనకు నిధులివ్వరు.

మూడో తరం కాయలు పగిలాయి. ఏ మొక్క కాయలు ఆ సంచిలో, చీటీ కట్టి ఉంచాను. గింజ తీయాల్సింది కేంద్రంలోనే. కానీ కార్తీకమాసం. అయిదింటికి ఇంట్లో లేకపోతే దీపాల వేళకి వంటవదు. వంటయ్యాక తీద్దామని మొన్న సంచులు ఇంటికే మోసుకొచ్చాను. ఆ రాత్రి తీరిక చిక్కలేదు.

నిన్న సాయంత్రం నేను కేంద్రం నుంచి వచ్చేసరికి గుమ్మంలో మా అత్తగారు జగదీశ్వరి వెలిగిపోతూ కూర్చున్నారు. ఒళ్ళో వత్తుల గుట్ట. పక్కన స్టీలు బేసిన్లో గింజలన్నీ కలిసిపోయి ఉన్నాయి.

"నా లక్షవత్తుల నోముకి పత్తి తెచ్చేవని ఒక్కమాటైనా చెప్పలేదేటే, విశాలీ!"

ఏ గింజ ఏ మొక్కదో ఇక బ్రహ్మకి కూడా తెలీదు. మూడేళ్ళ నా వృత్తి, వత్తి అయి కూర్చుంది.

మా ఆయన నన్ను గదిలోకి లాక్కెళ్ళారు. "అమ్మతో అనకు, బాధపడతాది. ఎలకలు కొట్టేసేయని ఆఫీసులో చెప్పేయ్. గింజలు గింజలే కదా, మళ్ళీ నాటుకో."

అలవాటు చొప్పున నా నోరు మూతపడబోయింది. అది పడుతున్న చప్పుడు మొదటిసారి నాకే వినిపించింది. గుమ్మంలోకి వెళ్ళి అత్తగారి పక్కన కూర్చున్నాను.

"అత్తయ్యా, ఇది నోముకి తెచ్చింది కాదు. నా పని."

ఆవిడ చేతిలో వత్తి ఆగిపోయింది. "అయ్యో తల్లీ! ఇంట్లోకి తెచ్చేవు కదా, ఇంటిదే అనుకున్నానే."

ఆవిడ తప్పేమీ లేదు. నన్నూ అలాగే తెచ్చుకున్నారు.

పొద్దున్నే మా కేంద్రం పెద్ద నరసింగరావు గారికి ఫోన్ చేసి, ఎలకలు కాదండీ, వత్తులండీ అని ఉన్నదున్నట్టు చెప్పాను. తిట్టారు. తిన్నాను. మొక్కల మీద రెండో విడత కాయలింకా ఉన్నాయి. ఆ గింజ అక్కడే తీస్తాను, ఎంత పొద్దుపోయినా.

"మరి వంటో?" అన్నారు త్యాగరాజు.

బియ్యం డబ్బా ఎక్కడుంటుందో చెప్పి, చెప్పులేసుకున్నాను.