దోస్తా, దుష్మనా

పెద్దవంగర బడి గ్రౌండులో నరేందర్ సారు "సావధాన్!" అని మొదటిసారి అరిచిన పొద్దున, ముప్పై మంది ఆడవాళ్లలో ఇరవై మంది మెల్లగా చతికిలబడ్డారు. సావధానంగా ఉండమంటున్నాడు, పాపం మంచివాడే అనుకున్నారు. తర్వాత ఆయన "విశ్రామ్!" అనేసరికి మిగిలినవాళ్లూ కూర్చున్నారు. బుచ్చమ్మ ఒక్కతే నిలబడి ఉంది. కూర్చుంటే ఆమె మోకాళ్లు మళ్లీ లేవనివ్వవు.

నరేందర్ సారుది నర్సింహులపేట దగ్గర తండా. పదిహేడేళ్లు మిలటరీలో చేసి వచ్చాడు. మహిళా సంఘం వాళ్లు పది రోజులు ఆత్మరక్షణ నేర్పమని అడిగితే, తనకు వచ్చింది యుద్ధమే కాబట్టి యుద్ధమే మొదలుపెట్టాడు. నల్లబల్ల మీద ఊరి నక్షా గీశాడు. అందులో నీళ్ల ట్యాంకు ఎత్తైన స్థావరమైంది, బస్టాండు సరిహద్దయింది.

"శత్రువు ఎటుదిక్కునుంచి వస్తడు?" అని అడిగాడు.

"కల్లు మండువ దిక్కునుంచి సారూ," అంది కిరాణం రాజీ. మిగతావాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

బుచ్చమ్మ నవ్వలేదు. ఆమె వచ్చింది కూతురు రాణి కోసం. రాణి తొర్రూరులో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. రోజూ ఎనిమిది గంటల బస్సుకు పోతుంది. ఆ వేళకు సురేష్ బస్టాండులో బండి ఆపుకొని ఉంటాడు. చున్నీ లాగుతాడు, చెయ్యి పట్టుకుంటాడు, ఫోన్లో ఫోటోలు తీస్తాడు. వాడు పరాయివాడా అంటే కాదు, బుచ్చమ్మ సొంత అన్న పోశాలు కొడుకు. రాణికి బావ. "బావ గాకపోతె ఎవలాడుతరు మరదలుతోని?" అని చూసినవాళ్లు నవ్వుతారు. మొదట్లో బుచ్చమ్మా నవ్వింది. పోయిన నెల రాణి, "అవ్వా, నేను నౌకరి ఇడిసిపెడ్త. గా బస్టాండుల నిలబడుడు నాతోని గాదు," అని గోడవైపు తిరిగి పడుకున్నప్పుడు ఆ నవ్వు ఆగిపోయింది.

అన్నకు చెప్పుకుందామంటే వదిన నోరు తెలియనిదా? బుచ్చమ్మది ఊళ్లో ఇచ్చిన సంబంధమే, తల్లిగారిల్లు రెండు వాడలవతల. ఆ గడప ఒకసారి మూసుకుంటే మళ్లీ తెరుచుకోదు. రాఖీ పండుగ దగ్గరికొచ్చింది. ముప్పై ఏళ్లుగా తప్పకుండా కడుతున్న రాఖీ. దేవుని ముందు దీపం పెట్టి కూర్చున్నా ధ్యాస దీపం మీద నిలవడం లేదు.

మూడో రోజు సారు, "చెట్లల్ల చెట్టు లెక్క గావాలె, శత్రువుకు కనవడొద్దు," అని అందరికీ వేపమండలు పంచి తలలో చెక్కుకోమన్నాడు. అడుగు కలవాలని బడి డ్రమ్ము కూడా కొట్టించాడు. శ్రావణమాసం, వేపమండలు, డ్రమ్ము. మూడూ ఒకచోట చేరితే ఏమవుతుందో మిలటరీలో చెప్పినట్టు లేదు. వెనక వరసలో ముసలి సోమక్క ఊగడం మొదలుపెట్టింది.

"నాకు బోనమెత్తక ఎన్నేండ్లాయెరా!" అంది సూటిగా సారునే చూస్తూ.

"సారూ, దండం బెట్టు, శాంతమైతది," అన్నారు అందరూ.

సరిహద్దులో మంచుకు వెరవని మనిషి బూట్లు విప్పి మొక్కాడు. కోడినిస్తానని ఒప్పుకున్నాక గాని అమ్మవారు దిగలేదు. ఆనాటి రిజిస్టరులో సారు 'శత్రువు కంటపడకుండుట: పూర్తి' అని రాసుకున్నాడు.

ఐదో రోజు కాపలా పాఠం. సెంట్రీ ముందుకు ఎవరొచ్చినా "థమ్! కౌన్ ఆతా హై?" అని, అంటే ఆగు, వచ్చేదెవరు అని, గట్టిగా అడగాలి. 'దోస్త్' అని జవాబొస్తే రానివ్వాలి. రాకపోతే "హాథ్ ఊపర్!" అని చేతులు ఎత్తించాలి.

"సారూ, జర ఆగు," అంది బుచ్చమ్మ. "మరి చుట్టమైతె?"

"చుట్టమేందక్కా?"

"దోస్తు గాదు, దుష్మను గాదు. వరసైనోడు."

నరేందర్ సారు తల అడ్డంగా ఊపాడు. "మిలటరీల చుట్టాలుండరక్కా. కర్నల్ సాబ్ వచ్చినా సెంట్రీ అడుగుడే. ఆయన నోటితోని ఆయన చెప్పుకోవాలె."

"ఎరుకున్నోన్ని గూడనా?"

"ఎరుకున్నోన్నే ముందుగాల అడగాలె."

మోచేతి దెబ్బ, మెడ విడిపించుకోవడం, ఇవేవీ బుచ్చమ్మ ఒంటికి పట్టలేదు. ఈ ఒక్క మాట పట్టింది. సాయంత్రం దీపం దగ్గర కూడా అదే మెదిలింది. గుడికి పోతే దేవుని ముందు సైతం పేరూ గోత్రమూ చెప్పుకుంటాం కదా. మరి వరస ఒక్కటి చెప్పి వచ్చేవాణ్ని, నువ్వు ఏ బుద్ధితో వచ్చినవురా అని ఇన్నేళ్లలో ఒక్కనాడైనా అడిగిందా తను?

మర్నాడు శిక్షణ కాగానే రాణితో పాటు బస్టాండుకు నడిచింది. ఇళ్లకు పోయే దారి అదే కాబట్టి రాజీ, సోమక్క, ఇంకో పదిమంది వెనకే వచ్చారు. సురేష్ ఫోను తెరిచి పట్టుకొని బండి దిగాడు.

"ఏం మరదలా, అత్తను బాడీగార్డు తెచ్చుకున్నవా?" అంటూ చున్నీ మీదికి చెయ్యి చాపాడు.

"థమ్!"

బుచ్చమ్మ గొంతులో అంత శబ్దం ఉందని బుచ్చమ్మకే తెలియదు. వెనక పన్నెండు మందీ అలవాటు కొద్దీ కాళ్లు దగ్గరికి చేర్చి, నిటారుగా నిలబడ్డారు. ఆరు రోజుల్లో వాళ్లకు సావధాన్ సరిగ్గా కుదిరింది అప్పుడే.

"కౌన్ ఆతా హై?"

"ఏందత్తా గిది? నేను సురేష్‌ను."

"పేరడగలే. దోస్తా, దుష్మనా?"

"బావను!" అని నవ్వబోయాడు.

"బావ అనేది గీ లెక్కల లేదు బిడ్డా. దోస్తువైతె దూరం నిలబడు. దుష్మన్‌వైతె గదన్న చెప్పు."

"హాథ్ ఊపర్!" అని రాజీ వెనకనుంచి కేక పెట్టింది.

తమాషాకో భయానికో వాడి చేతులు లేచాయి. రాణి ఆ పైకెత్తిన చేతిలోని ఫోను తీసుకుంది. తన ఫోటోలన్నీ నిదానంగా తుడిచేసి, అదే చేతిలో పెట్టి బస్సెక్కింది. బస్సు పోయాక కూడా వాడు చేతులెత్తుకునే ఉన్నాడు. ఎవరూ విశ్రామ్ అనలేదు మరి.

ఇది విని నరేందర్ సారు రిజిస్టరులో, 'శత్రువు లొంగిపోయెను. మనవైపు నష్టం లేదు' అని రాశాడు. నష్టం సంగతి ఆయనకేం తెలుసు? ఆ సాయంత్రమే వదిన వాడ వాడంతా వినేట్టు, "నా కొడుకుతోని బజార్ల చేతులెత్తిపిచ్చినామె నా గడప తొక్కద్దు," అంది. పోశాలు ఒక్క మాటా అనలేదు. బుచ్చమ్మకు అదే ఎక్కువ బాధయింది.

రాఖీ నాడు రాణి ఎప్పటిలాగే ఎనిమిది గంటల బస్సుకు పోయింది, ఒక్కతే. బుచ్చమ్మ పళ్లెంలో రాఖీ, కుంకుమ, మిఠాయి పెట్టుకొని తల్లిగారింటికి బయలుదేరింది. తలుపు వేసి ఉంది. గొళ్లెం ఆడించింది.

"ఎవలు?" లోపలినుంచి పోశాలు గొంతు.

చెల్లెలి అడుగుల చప్పుడు తెలిసిన అన్న. ఇన్నేళ్లలో ఎన్నడూ ఆ మాట అడగలేదు. బుచ్చమ్మకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కానీ కోపం రాలేదు. ఎరుకున్నవాళ్లనే ముందుగా అడగాలి కదా. తను అడిగిందే తననూ అడిగారు. మోకాళ్లు నిటారుగా చేసుకొని నిలబడింది.

"దోస్తునే అన్నా," అంది.

చాలాసేపటికి గొళ్లెం తీసిన చప్పుడయింది. తలుపు జానెడు తెరుచుకుంది. పోశాలు మొహం పక్కకు తిప్పుకొని చెయ్యి మాత్రం బయటికి చాపాడు.

"వాడు బస్టాండుకు పోతలేడు," అన్నాడు.

"ఎరుకే అన్నా."

రాఖీ కట్టింది. ఆయన లోపలికి రమ్మనలేదు. బుచ్చమ్మ కూడా తొందరపడలేదు. సావధానంగా గడప ఇవతలే నిలబడి, "జర ఇటు తిరుగు," అని మిఠాయి ముక్క తుంచింది.