ఒడవని పంట

పొడవాటి కర్ర చివర కట్టిన నూలు గుడ్డను బకెట్టులో ముంచి, పిండి, దేవన్న పక్క పలక మీదికి జరిపాడు. గ్రీన్‌హౌసు కప్పు మీద సోలార్ పలకలు బారులు తీరి ఉన్నాయి. బారుకూ బారుకూ మధ్య ఒక మనిషి పక్కవాటంగా నడిచేంత ఇనుప బాట. ఎండెక్కక ముందే తుడవాలి. ఎక్కితే నీళ్లు పడ్డచోటే ఆరి మరక కడతాయి. పలకకు దుమ్ము పడితే కరెంటు తగ్గుతుంది. కరెంటు తగ్గితే కింద ఫ్యాన్లు మందగించి టమాటా తీగలు తల వాలుస్తాయి.

కంపెనీ ఇచ్చిన బ్రష్షు అద్దాన్ని గీస్తోందని దేవన్నే ఆ గుడ్డ కట్టుకున్నాడు. అది భార్య గౌరవ్వ కట్టి వెలిసి తెల్లబడ్డ పాత చీర. అతను ఈ ఎడారి దేశానికి బయల్దేరేనాడు తొక్కు సీసా పగలకుండా చుట్టి ఇచ్చింది. జగిత్యాల దగ్గరి ఊళ్లో పసుపు ఉడికించే రోజుల్లో కట్టుకునేది. అంచు దగ్గర అరచేతి వెడల్పున పసుపు మరక ఇంకా ఉంది. పని కాగానే దేవన్న గుడ్డ విప్పి, గదిలోకి తెచ్చి మంచం కింద ఆరేస్తాడు.

"గుడ్డకి నీడేంటి బాబాయ్! మనకే లేదిక్కడ," అన్నాడు గదిలో ఉండే కోనసీమ అబ్బులు.

"పసుపు ఎండకు పోతదిరా," అన్నాడు దేవన్న.

రొట్టె తింటుండగా గౌరవ్వ ఫోను చేసింది. తెర మీద ఆమె నుదురే కనిపించింది. ఫోనును కంటికి ఆనించి పట్టుకుంది.

"అగుపడ్తున్ననా?" అడిగాడు దేవన్న.

"పొగల నిలవడ్డట్టున్నవ్. షుగరు కండ్లల్లకు దిగిందన్నరు. దసర దాటితే ఇగ గొంతును వట్టి గుర్తువట్టుడే. జర ముందుగాల రా, మొఖం సూస్త."

"పంట ఒడిసినంక వస్తనంటి గదా."

"అదేం పంటనయ్యా! మక్కలు రెండుసార్లు ఇంటికొచ్చె, పసుపు తవ్వితిమి. నీ టమాట ఒడవకపాయె."

దేవన్న ఫోను అద్దాన్ని గుడ్డ కొసతో తుడిచాడు. మసక తన వైపు లేదని తెలిసీ మళ్లీ తుడిచాడు.

సెలవు అడిగిన మొదటిసారే సూపర్‌వైజర్ శ్రీనివాసరాజు, "పంట అయ్యాక వెళ్దువుగాని," అన్నాడు. దేవన్నకు అది న్యాయంగానే తోచింది. పంట మధ్యలో రైతు ఎక్కడికీ పోడు. పంట ఒడిసి, అంతా అయిపోయాక ఎవరూ ఆపరు. అందుకే ఎప్పుడని అడగలేదు.

ఇక్కడి తీగలు పురికొసల మీద పైకి పాకుతాయి. పైన కట్టిన ఇనుప తీగను అందుకోగానే కొక్కెం సడలించి కిందికి దింపుతారు. బోడి కాండం మొదలు దగ్గర చుట్టలు చుట్టుకుని పడుంటుంది, కొస మళ్లీ పైకి పాకుతుంది. దేవన్న ఆ చుట్టలను చూస్తూ రోజులు గడిపాడు. ఈమధ్య ఆకు పసుపెక్కుతోంది, కాయ చిన్నదవుతోంది. తన చేతి పంట ముసలిదవుతుంటే సంతోషించడం అతనికి సిగ్గనిపించింది. అయినా సంతోషించాడు.

ఆ ఉదయం ఫోను పెట్టేశాక వ్యానులో టమాటా నారు దిగింది. ముసలి తీగల పక్కనే పెట్టమన్నాడు శ్రీనివాసరాజు.

"సార్, ఇవి వీకకుంట అవెట్ల వెడ్తం?"

"పాతవి కాస్తుండగానే కొత్తవి అందుకోవాలయ్యా. ఒక్కరోజు కూడా ఖాళీ ఉండకూడదన్నాడు మన యజమాని, కఫీల్."

"మరి పంట ఎప్పుడు ఒడుస్తది?"

శ్రీనివాసరాజు నవ్వాడు. "దీనికి అయిపోవడమంటూ ఉండదు దేవన్నా. ఉంటే ఇన్ని పలకలు ఎందుకు పెడతారు?"

"పంటయినంక పొమ్మని మీరే అంటిరి గద సార్."

"ఏదో మాటవరసకన్నాను. నువ్వు రైతువి, నీకు తెలియదా?"

దేవన్న వంగి నారు నాటాడు. వేళ్లు వాటంతటవే మట్టిని సర్దాయి.

మధ్యాహ్నం దుమ్ముగాలి లేచి తగ్గింది. పలకలన్నీ మట్టిరంగుకు తిరిగాయి. ఫ్యాన్ల రొద పలచబడింది.

"యల్లా దేవన్నా, పైకెక్కు. నారు వాడిపోతోంది," అని తొందరపెట్టాడు శ్రీనివాసరాజు.

"ఈ ఎండలోనా? మనిషి మాడిపోతాడండీ," అన్నాడు అబ్బులు.

"అయితే నువ్వెక్కు."

అబ్బులు తల దించుకున్నాడు. దేవన్న మంచం కింది నుంచి గుడ్డ తీసి కర్రకు కట్టాడు. ఎండలో దాన్ని బయటికి తేవడం అదే మొదటిసారి.

కాసేపటికి ఫ్యాన్లు పుంజుకున్నాయి. నీళ్లు కారే తడిగోడ మీదుగా చల్లగాలి నారు మీద పారింది. వాలిన ఆకులు ఒక్కొక్కటే లేచాయి. నీళ్లకు దేవన్న ఇంకా దిగలేదేమని అబ్బులు నిచ్చెనెక్కి చూశాడు. పలక పక్కన జానెడు నీడలో దేవన్న మోకాళ్లు ముడుచుకుని, చేతుల మీద తల పెట్టుకుని కూర్చున్నాడు.

"ఖలాస్ బాబాయ్, దిగు," అంటూ భుజం తట్టాడు. దేవన్న పక్కకు ఒరిగాడు.

దేవన్న ముఖం కప్పి ఎక్కించుకుని అంబులెన్సు వెళ్లాక మంచం మీద ఫోను మోగింది. అబ్బులు ఎత్తాడు. తెర నిండా గౌరవ్వ నుదురు.

"అడిగినవా? ఎప్పుడు రమ్మన్నరు?"

అబ్బులు ఫోనును తన మొహానికి ఎదురుగా అలాగే పట్టుకున్నాడు.

"పలుకవేందయ్యా? అగుపడ్తనే ఉన్నవ్. పొద్దటి కంటె మంచిగనే అగుపడ్తున్నవ్."

మర్నాడు వేకువనే బ్రష్షు పట్టుకుని వేరే మనిషి పైకెక్కాడు. గుడ్డ కట్టిన దేవన్న కర్ర కప్పు మీద పడినచోటే ఉంది. దాన్ని ఎవరూ దింపలేదు. వారం తిరిగేసరికి గుడ్డ అంచు దగ్గరి పసుపు పోయి, చీరంతా ఒకే తెలుపయింది.