పరాన్నజీవికి బారసాల

నేను ఒక గాజు స్లైడుని. వేలెడు పొడుగు, రెండు వేళ్ళ వెడల్పు. ఫ్యాక్టరీలో పుట్టినా, నా బతుక్కి ఓ విలువొచ్చింది మాత్రం కొరమీను రక్తపు చుక్క వల్ల. సుభాషిణి అనే పరిశోధక విద్యార్థిని ఆ చుక్కని నా మీద పలచగా పరిచి, రంగేసి, మైక్రోస్కోపులో చూసి కెవ్వుమంది. అందులో తోక మెలితిప్పుకుని ఉన్న ఏకకణ జీవికి ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టలేదట. ట్రిపనోసోమా వంశంలోదని మాత్రం తేలింది. అంటే ఇంటిపేరు దొరికింది, అసలు పేరే లేదు. ఆ పేరేదో పెట్టి పత్రికలో అచ్చేయిస్తేనే పిల్లకి డాక్టరేటు. గైడు సంతకం లేనిదే అచ్చు లేదు.

అందుకని తెలివిగా గైడు భుజంగరావు గారి పేరే పెట్టింది. మగవాళ్ళ పేరైతే చివర 'ఇ' చేర్చాలని లాటిన్ రూలు. చేరిస్తే ఏమైంది? ట్రిపనోసోమా భుజంగరావోయి! ఎవరో వీధిలోంచి కేకేసినట్టు లేదూ? నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం ఉబ్బితబ్బిబ్బై నన్ను జేబులో వేసుకుని ఇంటికి పట్టుకెళ్ళారు. ఇల్లంటే అత్తగారిల్లే లెండి. ఆయన ఇల్లరికపుటల్లుడు. భోజనాల దగ్గర నన్ను చూపించి, ఇందులో ఉన్నదానికి తన పేరే పెట్టారని చెప్పారు.

"ఏం పురుగు అల్లుడుగారూ?" అంది అత్తగారు రత్తమ్మ.

"పురుగు కాదండీ, పరాన్నజీవి. ఇంకోళ్ళ ఒంట్లో చేరి, వాళ్ళది తింటూ హాయిగా బతికేస్తుంది."

"ఓహో! బాగా తెలిసినవాళ్ళే పెట్టారు పేరు," అందావిడ పప్పు వడ్డిస్తూ.

మర్నాడు ఆయన మొహం కందగడ్డ చేసుకుని ల్యాబుకొచ్చారు. "పేరు మార్చు. లేకపోతే సంతకం పెట్టను!"

పిల్లకి ఏడుపొక్కటే తక్కువ. "మరి ఎవరి పేరు పెట్టమంటారు సార్?"

"మా అత్తగారి పేరు పెట్టు!"

ఆడవాళ్ళ పేరుకి చివర 'ఏ' చేర్చాలి. చేర్చింది. ట్రిపనోసోమా రత్తమ్మే!

"ఒంట్లో చేరి పీడించేదెవరూ? రత్తమ్మే!" అని ఆయన పడీ పడీ నవ్వుతూ సంతకం గీకేశారు.

అచ్చయింది. సుభాషిణి డాక్టరయింది. ఫలానా జీవి ఇదీ అనడానికి సాక్ష్యంగా నన్ను మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెట్టారు. భుజంగరావు గారు పనిగట్టుకుని అత్తగారిని వెంటబెట్టుకొచ్చారు. అక్కడే ఉన్న సుభాషిణి ఓ అడుగు వెనక్కేసింది.

"చూశారా, మీ పేరే! ఇంక దీన్ని ఎవరూ మార్చలేరు."

రత్తమ్మ కళ్ళజోడు తుడుచుకుని వంగి చూసింది. నేను తిట్లకి సిద్ధపడ్డాను.

"నేను పోయాక కూడానా?"

"ఎప్పటికీ!" అన్నారాయన పళ్ళికిలిస్తూ.

ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. "మనవరాలికి నా పేరు పెట్టమని కాళ్ళావేళ్ళా పడ్డాను. మోటుగా ఉందని నోరు తిరగని పేరేదో పెట్టారు. నీకెలా తోచిందే తల్లీ?" అంటూ సుభాషిణి బుగ్గలు నిమిరింది.

"నాది కాదండీ... సార్ చెప్పారు."

రత్తమ్మ అల్లుడి రెండు చేతులూ పట్టుకుంది. "కన్నకొడుకైనా ఇంత పని చెయ్యడు అల్లుడుగారూ!"

భుజంగరావు గారు ఎటు చూడాలో తెలియక నాకేసి చూశారు. నేనేం చెప్తాను, గాజుముక్కని.